పెద్దోళ్ల పేర్లు ముందు

నా పేరు శివప్ప. అనంతపురం నుంచి రాప్తాడు దాటి పోతాంటే హైవే పక్కన ఒక కాలేజీ కనపడుతుంది. దాంట్లో జనరేటర్ ఆపరేటర్‌ని. ఆపరేటర్ అంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. కరెంటు పోతే జనరేటర్ ఆన్ చేసేది, వస్తే ఆపేది, అంతే. కాకపోతే మా పక్క కరెంటు ఉండేదానికన్నా పోయేదే ఎక్కువ, కాబట్టి నాకు పనికేం కొదవ లేదు. శివప్ప నోరు మంచిది కాదని కాలేజీలో అందరూ అంటారు. అననీ. నోరుంటే తలగాస్తుందని పెద్దోళ్లు ఊరికే అన్నారా? ఇన్నేండ్లు నా ఉద్యోగాన్ని కాసింది ఈ నోరే.

ఇప్పుడు చెప్పేది నా గురించి కాదు. కృపాకుమారి గురించి. మా కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే పిల్ల. నాకు సరిగ్గా ఎదురు, నోట్లో నాలుక లేని పిల్ల. ఆ పిల్ల నోరు తెరిచిన పొద్దు నేను ఆడనే ఉన్నా. ఆ సంగతి కాలేజీలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తాండారు, సగం తెలిసి సగం తెలీక. నాకు ఒళ్లు మండి నేనే చెప్తాండా.

కృపమ్మ మా కాలేజీకొచ్చింది తొంభై తొమ్మిదిలో. అప్పుడు కాలేజీ అంటే రెండు మిద్దెలు, ఒక రేకుల షెడ్డు, చుట్టూ కంపచెట్లు. ఆ పిల్లది బెళుగుప్ప పక్క పల్లె. చిన్నప్పుడే అమ్మ పోయింది. నాయన ఇమ్మానుయేల్ కూలిమనిషి. పిల్లను అనంతపురంలో హాస్టల్లో పెట్టి బీయస్సీ కంప్యూటర్లు చదివించినాడు. ఎట్ల చదివించినాడంటే ఏం చెప్పాల? వాన పడితే కదప్పా చేను, చేనుంటే కదా కూలి! చెనిక్కాయ ఏటికేడు ఎండిపోతాంటే ఊర్లో సగం మంది మాదిరే ఆయప్ప గూడా బెంగుళూరికి పోయి మిద్దెలు కట్టేకాడ పనికి కుదిరినాడు. ఆడ సెంట్రింగ్ కట్టె జారి మోకాలి మీద పడింది.

మా కాలేజీలో ఉద్యోగం దొరకంగానే ఆ పిల్ల చేసిన మొదటి పని, నాయన్ను ఊరికి తెచ్చుకునేది. "ఇంగ నువ్వు ఆ పనికి పోవద్దు నాయనా, నా జీతంతో ఇద్దరం బతుకుదాం" అనింది. ఆ కాలితో మళ్లీ మిద్దెలెక్కితే మనిషి దక్కడని డాక్టరు గూడా చెప్పినాడంట. ఈ ఉద్యోగం ఉంటేనే వాళ్ల నాయన ఇంటిపట్టున ఉంటాడు. పోతే మళ్లీ బెంగుళూరు బస్సే. ఈ సంగతి మాత్రం మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

ఆ పిల్ల వచ్చేసరికి ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ అట్టపెట్టెల్లోనే ఉండె. కొన్నారు గానీ విప్పే దిక్కు లేదు. కృపమ్మ, వాచ్‌మన్ ఓబన్న, నేను, ముగ్గురం కూర్చుని విప్పినాం. దాంట్లో పెద్దది ఒకటి సర్వరంట, మిగతావన్నీ దానికే వైర్లతో కట్టింది. ఆ పిల్ల నాకు చెప్పిందే మీకు చెప్తా, తప్పుంటే నాది, ఆయమ్మది కాదు. ఎవరు యా కంప్యూటర్ ముందు కూర్చున్నా వాళ్లు చేసిన పనంతా పోయి ఆ సర్వర్లోనే ఉంటుంది. ఒక్కొక్కరికి దాంట్లో ఒక్కొక్క గది. హోమ్ డైరెక్టరీ అంటారు దాన్ని. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు కొడితే వాళ్ల గది తెరుచుకుంటుంది. ఇంకొకరి గదిలోకి తొంగి చూసేకి లేదు.

ముందు తనకొక గది పెట్టుకునింది. ఇంకో మనిషి వస్తే పని చేస్తాదా లేదా చూడాల కదా, ఆ పొద్దు ల్యాబ్‌లో ఉన్నోడు ఓబన్న. ఆయప్పకొకటి పెట్టింది. ఓబన్నకు ఇంగ్లీషు రాదు. ఆ పిల్ల చూపించిన అక్షరాల మీద ఒక్కొక్క వేలు పెట్టి ఒత్తినాడు. తెర మీద పేరు పడంగానే ముసలోని మొగం చూడాల! "నాక్కూడా కంప్యూటర్లో ఒక గదుండాది" అని గేటు కాడికొచ్చిన ప్రతివానికీ చెప్పి చంపుకుతిన్యాడు. ఆ తర్వాత పిల్లోళ్లకు పెట్టింది. ప్రిన్సిపాల్ ఆంజనేయులు సార్ మరుసటేడు వచ్చినాడు, అప్పుడు ఆయనకు. కాలేజీ సెక్రెటరీకి అందరికన్నా చివర్న, నాలుగో ఏడు పిల్లోళ్లు గూడా అందరూ అయినాక. ఆయన మాటే మా కాలేజీలో చట్టం, ఆయన బస్సులే పిల్లోళ్లను తెచ్చేది. ఇంకో కాలేజీ సెక్రెటరీకి ఇట్లాంటిది ఉండాదని తెలిసి, అడిగి పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నాక దాని మొగం చూసిన పాపాన పోలేదు.

ఇట్ల నాలుగేండ్లు గడిచినాయి. రెండువేల మూడు ఎండాకాలానికి పిల్లోళ్లు ఎక్కువై పాత సర్వర్ నిండిపోయింది. ఎవరేం రాసినా దాచుకునేకి జాగా లేదంటాండాది మిషను. చూస్తే ఎంసీఏ ఆఖరి సంవత్సరం పిల్లోళ్ల ప్రాజెక్టులన్నీ దాంట్లోనే ఉండాయి. బుధవారం యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. సెక్రెటరీ గొణుక్కుంటా గొణుక్కుంటానే కొత్త సర్వర్ తెప్పించినాడు. తెప్పించి, కృపమ్మను పిలిపించి, అందరి ముందర చెప్పినాడు: "ఒక్క పిల్లోని ప్రాజెక్టు పోయినా నువ్వు ఇంటికి పోతావు. మళ్లీ చెప్పలేదనొద్దు."

శనివారం ఊరికి పోయినప్పుడు ఆ పిల్ల ఈ మాట నాయనకు చెప్పిందంట. ఆయప్ప లేసి దండెం మీదుండే చొక్కాలు తీసి మడత పెట్టుకున్నాడంట. ఆదివారం చర్చి నుంచి నేరుగా కాలేజీకొచ్చి, కృపమ్మ నాకు ఈ సంగతి చెప్పింది. ఆదివారం గూడా నన్ను పనికి పిలిచినారని తెల్లార్నుంచి తిట్టుకుంటా ఉన్న నేను, ఇంగ ఒక్క మాట మాట్లాడకుండా పోయి డీజిల్ పోసినా. మధ్యలో కరెంటు పోతే ఆ పిల్ల పనంతా బూడిదలో పోసినట్టే.

పని ఏమంటే, ముందు కొత్త మిషన్లో అందరి పేర్లు ఎక్కించాల. తర్వాత పాత మిషన్లోని డిస్కు ఊడబీకి దీనికి తగిలించి, గదుల్లో ఉండే సామానంతా ఉన్నది ఉన్నట్టు ఈ పక్కకు తేవాల. కృపమ్మ పేర్లు ఎక్కిస్తాంటే నేను వెనక స్టూలు మీద కూర్చుని చెనిక్కాయ బుడ్డలు నములుతా చూస్తా ఉన్నా. మొట్టమొదటి పేరు సెక్రెటరీది కొట్టింది.

"ఏం పాపా, ఆయప్పకు ఈ డబ్బా ఆన్ చేసేకి గూడా రాదు. ఆయప్ప పేరు ముందెందుకు?" అన్నా.

"పెద్దోళ్లు కదా శివన్నా" అనింది, తిరిగి చూడకుండానే.

రెండోది ప్రిన్సిపాల్ సార్. ఆ తర్వాత లెక్చరర్లు వయసును బట్టి. తర్వాత ఆఫీసోళ్లు. తర్వాత పిల్లోళ్లు, పెద్ద క్లాసు ముందు చిన్న క్లాసు వెనక. ఆ తర్వాత ఓబన్న. అందరికన్నా చివర్న తన పేరు. పెండ్లి శుభలేఖలో పేర్లు వేసినట్టు పద్ధతిగా వేసింది. ముద్దుగానే ఉండాదనిపించింది నాకు, ఏం తెలుసు?

సామాను తెచ్చేకి పొద్దు వాలే వరకు పట్టింది. కరెంటు పోయింది, నా జనరేటర్ కాసింది. అంతా అయినాక ఆ పిల్ల ఒక్కొక్క గది తెరిచి చూసింది. సర్వర్ చూసుకునేటోళ్ల దగ్గర ఒక పెద్ద పాస్‌వర్డ్ ఉంటుందంట, దాంతో పోతే యా గదైనా తెరుచుకుంటుంది. అన్నీ తెరుచుకున్నాయి. యా సామానూ తగ్గలేదు. నవ్వుకుంటా పోయి ఓబన్నకు, నాకు టీ తెచ్చిచ్చింది.

సోమవారం పొద్దున క్లాసు మొదలైంది, ల్యాబ్‌లో గోల మొదలైంది.

ముందు అరిచింది గంగాదేవి. కంబదూరు పిల్ల, వాళ్లది గొర్లు కాచే ఇల్లు. గొర్రెకు ఫలానా రోగం ఉండాదంటే ఫలానా మందు వెయ్యమని చెప్పే ప్రోగ్రామేదో రాస్తాండాది, అదే దాని ప్రాజెక్టు. పాస్‌వర్డ్ కొట్టింది. మిషను నీకు అనుమతి లేదు పో అనింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట. పక్కనున్నోనికీ అంతే. వాని పక్కనున్నోనికీ అంతే. "అక్కా, నా ప్రాజెక్టు యాడుండాదక్కా?" అని గంగాదేవి ఏడుపు అందుకునింది. ఆ ఏడుపు చూసి మిగతా ఆడపిల్లోళ్లు, వాళ్లను చూసి మొగపిల్లోళ్లు గూడా. రెండు మిద్దెల అవతలున్న నాకు వినపడింది.

నేను పోయేసరికి కృపమ్మ సర్వర్ ముందు నిలబడి ఉండాది. ఏదో చూసింది, ఇంకేదో చూసింది, గబక్కన మిగతా కంప్యూటర్లకు పోయే వైరు పీకేసింది. "అందరూ లేసి బయటికి పోండి, ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు" అనింది. పిల్లోళ్లను పంపి తలుపేసి ఓబన్నను కాపలా పెట్టి, నా జనరేటర్ షెడ్డులోకొచ్చి డీజిల్ డబ్బా మీద కూలబడింది.

"పోయినాయా పాపా?"

"పోలేదన్నా. అన్నీ ఉండాయి. యజమానులు మారిపోయినారు."

నాకు అర్థం గాలేదు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటా తుడుచుకుంటా చెప్పింది. మిషనుకు మన పేర్లతో పన్లేదంట. ముందొచ్చినోళ్లకు ముందు నంబరు, వెనకొచ్చినోళ్లకు వెనక నంబరు ఇచ్చుకుంటా పోతుందంట. గదుల్లో ఉండే ప్రతి సామాను మీద ఆ నంబరే రాసిపెట్టుకుంటుంది. పాత మిషన్లో మొదటి నంబరు కృపమ్మది, రెండోది ఓబన్నది. కొత్త మిషన్లో మొదటిది సెక్రెటరీకి పోయింది, రెండోది ప్రిన్సిపాల్ సార్‌కు. సామాను మీద మాత్రం పాత నంబర్లే ఉండాయి. కాబట్టి కృపమ్మ సామానంతా ఇప్పుడు సెక్రెటరీదైంది. ఓబన్నది ప్రిన్సిపాల్‌దైంది. గంగాదేవి ప్రాజెక్టు ఇంకెవరిదో అయింది. ప్రిన్సిపాల్ సార్ పరీక్ష పేపర్లు తయారు చేసి పెట్టుకున్న గది ఎవడో పిల్లోనిది. వానికి తెలీదు కాబట్టి సరిపోయింది గానీ, తెలిస్తే పండగ చేసుకునేటోడు. నిన్న పెద్ద పాస్‌వర్డ్‌తో చూసింది కాబట్టి అన్నీ తెరుచుకున్నాయి, తప్పు కనపడలేదు.

"ఇంత చదువుకున్నావు, ఈ సంగతి నీకు తెలీదా పాపా?" అన్నా, కోపంగానే.

"తెలుసన్నా. తెలిసే చేసినా. చేసేటప్పుడు గుర్తుకే రాలేదు. మా ఊర్లో నీళ్ల ట్యాంకర్ వస్తే బిందెలు వరసలో పెడతారు కదన్నా. మేము పొద్దున్నే పోయి ముందు పెట్టినా, పెద్దోళ్లొచ్చి మా బిందెలు తీసి చివర్న పెడతా ఉండ్రి. కొన్నాళ్లకు వాళ్లకు తీసే పని గూడా లేకుండా మేమే చివర్న పెట్టుకుంటాంటిమి. నా పేరు అందరికన్నా ముందు కొట్టాలంటే చెయ్యి రాలేదన్నా."

నాకు కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక జనరేటర్‌ను ఒక తన్ను తన్నినా, కాలికి దెబ్బ తగిలింది. తర్వాత నాకు తెలిసిన విద్య ఒకటుండాది కదా, అది చెప్పినా. "ఏడవద్దు. కరెంటు మీదికి తోసేద్దాం. నిన్న మధ్యలో జనరేటర్ ఆగిపోయింది, అందుకే ఇట్లైంది అని నేను చెప్తా. మా అనంతపురంలో కరెంటు మీద ఏం చెప్పినా నమ్ముతారు. నన్ను తిడతారు, నాకు కొత్తనా?"

"వద్దన్నా" అనింది.

"అయితే గుట్టుగా సరిచేసేకి కాదా?"

"అవుతుంది. సామాను మీద కొత్త నంబర్లు రాసేస్తే ఈ పొద్దుకు గడిచిపోతుంది. కానీ పాత సీడీలుండాయి కదా, నాలుగేండ్ల నుంచి దాచినవి, వాటి మీదంతా పాత నంబర్లే. ఎవరిదన్నా ఒకటి చెడిపోయి దాంట్లో నుంచి తీసి పెట్టినామంటే మళ్లీ ఇదే గలాటా. సరైన పని ఏమంటే, అందరికీ వాళ్ల పాత నంబర్లు వాళ్లకిచ్చేది. దానికి ల్యాబ్ సాయంత్రం దాకా మూయాల. చెప్పకుండా మూసేకి అవుతుందా?" అని కండ్లు తుడుచుకుని లేసింది. నేను వెనకనే పోయినా. నన్నెవరూ పిలవలేదు, అయినా పోయినా.

ప్రిన్సిపాల్ రూములో సెక్రెటరీ కూర్చుని ఉన్నాడు. గోల ఆయన చెవిన అప్పటికే పడింది. కృపమ్మను చూడంగానే, "నేను ముందే చెప్పినా కదా. లెక్క చూసి పంపించేయండి ఈ పిల్లను" అన్నాడు.

ఆంజనేయులు సార్ నిదానస్తుడు. "ఉండండి సార్" అని, "ఏమ్మా, పోయినాయా, ఉండాయా?" అని అడిగినాడు.

"ఒక్కటి గూడా పోలేదు సార్. తప్పు నాది. కరెంటుది కాదు, మిషనుది కాదు." అని మొదలుపెట్టి అంతా చెప్పింది. పెద్దోళ్ల పేర్లు ముందు పెట్టినాను, నా పేరు చివర్న పెట్టుకున్నాను, అందుకే ఇట్లైంది అనింది.

సెక్రెటరీ నొసలు చిట్లించినాడు. "పెద్దోళ్లను ముందు పెడితే తప్పేముంది? పద్ధతి అదే కదా!"

"మిషనుకు ఆ పద్ధతి లేదు సార్. ముందొచ్చినోళ్లు ముందు."

"అయితే ఇప్పుడు ఎట్ల చేస్తావు?"

"పాత మిషన్లో ఎవరు యా వరసలో ఉన్నారో అట్లనే మళ్లీ పెడతా. సాయంత్రానికి అందరివీ తెరుచుకుంటాయి."

"నేను యాడొస్తా దాంట్లో?"

"చివర్న సార్. పిల్లోళ్లందరి తర్వాత."

"ప్రిన్సిపాల్?"

"ఓబన్న తర్వాత, మొదటి బ్యాచ్ పిల్లోళ్ల తర్వాత సార్."

"వాచ్‌మన్ తర్వాతనా!" సెక్రెటరీ కుర్చీలో నుంచి సగం లేసినాడు. నాకు నవ్వొచ్చింది, పండ్లు బిగబట్టుకున్నా. "మరి మొదటిది ఎవరిది?"

"నాది సార్."

సెక్రెటరీ మెల్లగా కూర్చున్నాడు. గొంతు తగ్గించి, పెద్దమనిషి తరహాగా చెప్పినాడు: "చూడమ్మా. ఇంతమంది పెద్దోళ్లుండగా మొదటి నంబరు నీకుంటే బాగుంటుందా? నలుగురికి తెలిస్తే ఏమనుకుంటారు? ఆ ఒక్క నంబరు నాకుండనీ. మిగతావి నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో. నీ ఉద్యోగం జోలికి నేను రాను."

ఒప్పుకో పాపా, ఒప్పుకో అని మనసులో ఆ మారెమ్మకు మొక్కుకున్నా. నంబరుదేముంది, గాలిలో ఉండే నంబరు! ఊ అంటే ఉద్యోగం నిలబడుతుంది, ఆడ బెళుగుప్పలో ముసలోడు కుంటికాలితో బస్సెక్కకుండా ఉంటాడు. నేనైతే ఊ అనుంటా. రెండు తూర్లు అనుంటా.

కృపమ్మ తల దించుకునే ఉండాది. అలవాటు ప్రకారం "సరే సార్" అనే మాట ఆ పిల్ల పెదాల దాకా వచ్చింది, నేను కండ్లారా చూసినా. వచ్చి ఆగిపోయింది. తల ఎత్తింది.

"కాదు సార్. పిల్లోళ్లందరూ వాడే ప్రోగ్రాములు ఆ నంబరు కిందనే ఉండాయి. తెలీనోళ్ల చేతికి పోతే ఒక్క తప్పుతో అందరివీ పోతాయి. అది ఎవరికీ ఇయ్యకూడదు. ఇంగొకటి సార్. పెట్టెలు విప్పిన పొద్దు నుంచి నేను ఈడనే ఉండా. నేను ముందొచ్చినా. అది నా నంబరు."

"ఇయ్యకుంటే?"

"నన్ను పంపించేయండి సార్. కానీ ఈ పొద్దు సాయంత్రం దాకా ఉండనీండి. పిల్లోళ్ల ప్రాజెక్టులు తెరిచిచ్చి పోతా."

సెక్రెటరీ మొగం ఎర్రగా అయింది. ఏదో అనబోయినాడు. అంతలో ఆంజనేయులు సార్ లేసి నిలబడినాడు. "బుధవారం ఎగ్జామినర్ వస్తాడు సార్. ఈ పిల్లను పంపిస్తే ఆయన ముందర సర్వర్ గురించి మీరు చెప్తారా, నేను చెప్తానా? ఓబన్న తర్వాత ఉండేకి నాకేం నామోషీ లేదు. ఆయన నాకన్నా ముందొచ్చినాడు, అది నిజమే కదా." అని కృపమ్మ పక్క తిరిగి, "పోమ్మా, పోయి పని చూసుకో. శివప్పా, నువ్వేం వింత చూస్తాండావు? జనరేటర్ కాడికి పో" అన్నాడు. నేను పరిగెత్తినా. అంత సంతోషంగా ఆ షెడ్డులోకి నేనెప్పుడూ పోలేదు.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతాండాది. పిల్లోళ్లు వరండాలో గోడకానుకుని కూర్చున్నారు, ఒక్కడూ ఇంటికి పోలేదు. ఓబన్న తలుపుకడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుని, "నా గది గూడా లోపలనే ఉండాది, నేను ఓర్చుకుంటాండానా లేదా?" అని పిల్లోళ్లను గదమాయిస్తా ఉన్నాడు. అన్నం కోసం గూడా కృపమ్మ బయటికి రాలేదు. గంగాదేవి క్యాంటీన్ నుంచి బొరుగుల ఉగ్గాని కట్టించుకొచ్చి కిటికీలో నుంచి అందించింది.

నంబర్లు మార్చి అయినాక ఈ తూరి ఆ పిల్ల పెద్ద పాస్‌వర్డ్‌ను నమ్ముకోలేదు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, వాళ్ల చేతితోనే వాళ్ల పాస్‌వర్డ్ కొట్టించింది. ముందు తాను పోయి చూసుకునింది. తర్వాత ఓబన్న ఎప్పటి మాదిరే వేలు పెట్టి పెట్టి కొట్టినాడు, తెరుచుకునింది. మూతి తుడుచుకుని బయటికొచ్చి, "ఉండాదప్పా, భద్రంగా ఉండాది" అన్నాడు. తర్వాత పిల్లోళ్లు. గంగాదేవి వంతు వచ్చేసరికి వరండాలో పిల్లోళ్లందరూ కిటికీ కాడ మూగినారు. తెర మీద దాని గొర్ల మందుల ప్రోగ్రాము పడంగానే ఆ పిల్ల కేక వేసి కృపమ్మను వాటేసుకునింది. వరండా అంతా ఈలలు, చప్పట్లు. కాలేజీలో గలాటా చేస్తే నాకు ఒళ్లు మంట, కానీ ఆ పొద్దు నేను గూడా ఒక ఈల వేసినా.

పొద్దు పోయే ముందు సెక్రెటరీ ల్యాబ్ తలుపు కాడికొచ్చినాడు. ఓబన్న లేసి స్టూలు తీసినాడు. లోపల పిల్లోళ్లందరూ తలలు వంచుకుని పని చేసుకుంటాండారు, ఆయన్ను చూసినోడే లేడు. కాసేపు నిలబడినాడు. పక్కనున్న ఆంజనేయులు సార్‌తో, "పని తెలిసిన పిల్లనే. ఉండనీండి" అని, కారెక్కి పోయినాడు. అంతే. ఆయన నోట్లో నుంచి అంతకన్నా రాదు, మాకందరికీ తెలుసు.

గేటు ముందర హైవే పక్కన ఎస్టీడీ బూత్ ఒకటి ఉండాది. కృపమ్మ ఆడికి పోతాంటే నేను, ఓబన్న తోడుగా పోయినాం. వాళ్ల ఊర్లో ఫోనుండేది అంగట్లో. అంగడాయన పోయి ఇమ్మానుయేల్‌ను పిలుచుకొచ్చేదాకా ముగ్గురం లారీలు చూసుకుంటా నిలబడినాం. ఆయప్ప లైన్లోకొచ్చినాడు. పల్లెటూరి మనిషి కదా, దూరం ఎక్కువైతే అంత గట్టిగా అరవాలనుకుంటాడు. బూత్‌లో మాట్లాడేది బయటుండే మాకు ఒక్క ముక్క పోకుండా వినపడింది.

"నాయనా, ఉద్యోగం ఉండాది. పోలేదు. నువ్వు యాడికీ పోవద్దు" అనింది కృపమ్మ.

ముసలోని గొంతు వచ్చింది, ఈ తూరి అరవకుండా. మేము బూత్ తలుపుకు చెవి ఆనించి విన్యాం.

"ఎవురి కాళ్లు పట్టుకుంటివి పాపా?"

కృపమ్మ ఏడుస్తానే నవ్వింది.

"ఎవురి కాళ్లూ పట్టుకోలేదు నాయనా."